నీటి వంతు, బంగారు దారి: సిజిల్మాసా ఎదుగుదల, పతనం

(మల్లంపల్లి సోమశేఖర శర్మ గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం)



మల్లంపల్లి సోమశేఖర శర్మ గారి పేరు మీద మాట్లాడే అవకాశం దక్కడం నా భాగ్యం. 1891లో పుట్టి 1963లో కన్నుమూసిన ఆ పండితుడు తెలుగువారి చరిత్రకు చేసిన సేవ ఇంతా అంతా కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారితో కలిసి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పనిచేశారు. కాకతీయుల తర్వాత మరుగున పడిపోయిన ముసునూరి నాయకుల కాలాన్ని వెలికితీశారు. 1948లో అచ్చయిన ఆయన రెడ్డి రాజ్యాల చరిత్రను పక్కన పెట్టుకోకుండా ఇప్పటికీ ఆ యుగం మీద ఎవరూ కలం పట్టలేరు.

ఆ గ్రంథంలో రాజులూ యుద్ధాలే కాదు, రేవులూ వర్తకులూ ఉంటారు. మోటుపల్లి రేవునే తీసుకోండి. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకు ముందు రాజులు స్వాధీనం చేసుకునేవారట. తాను ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన రాయి మీద మాట ఇచ్చాడు. 1358లో అనపోతారెడ్డి అదే ఊళ్లో మరో శాసనం వేయించాడు. వర్తకులు ఇష్టమున్నప్పుడు రావచ్చు, ఇష్టమున్నప్పుడు పోవచ్చు; బిడ్డలు లేకుండా చనిపోయినవాడి ఆస్తిని రాజు లాక్కునే అపుత్రిక దండం ఇక ఉండదు. వర్తకుడు ఒక ఊరిని నమ్మాలంటే ఆ ఊరు అతనికి ఏమేం హామీ ఇవ్వాలి? శర్మగారు మనకు అప్పగించిన ప్రశ్నల్లో ఇదొకటి.

ఆ ప్రశ్ననే ఈ సాయంత్రం సహారా ఎడారి వాయవ్యపు అంచుకు తీసుకువెళతాను. అక్కడ సిజిల్మాసా అనే పట్నం ఉండేది. 757 ప్రాంతంలో పుట్టి, ఆరు శతాబ్దాలకు పైగా వెలిగి, 1393లో చెదిరిపోయింది. దారి ఉంటే ఊరు పెరుగుతుంది, దారి మారితే ఊరు పోతుంది అని వర్తక పట్నాల గురించి సాధారణంగా చెబుతారు. సిజిల్మాసా విషయంలో ఇది సగమే నిజమని నా వాదన. అక్కడ దారిని నిలబెట్టింది ఊరే. ఊళ్లో జనం మధ్య ఉన్న కట్టుబాటు తెగిపోయాకే ఊరు పోయింది. మెట్టు మెట్టుగా చెబుతాను, మీరే తూచండి.

1. ఏరు

నేటి మొరాకో ఆగ్నేయంలో రిసానీ అనే చిన్న పట్నం ఉంది. దాని పక్కనే సిజిల్మాసా శిథిలాలు. ఆ ప్రాంతం పేరు తాఫిలాల్త్. ఉత్తరాన అట్లాస్ కొండల్లో కురిసిన వాన, కరిగిన మంచు జీజ్ అనే ఏరుగా మారి ఎడారిలోకి దిగుతాయి. ఆ నీరు ఇసుకలో ఇంకిపోయే ముందు పారే చివరి పెద్ద మాగాణి తాఫిలాల్త్. దక్షిణం వైపు వెళ్లే బిడారుకు కడుపునిండా తిండీ నీళ్లూ దొరికే ఆఖరి చోటు. ఎడారి దాటి వచ్చేవాడికి అదే మొదటి పచ్చదనం.

సహారా దాటే వర్తకానికి మూలం ఉప్పు, బంగారం. అక్కడ రెండూ లేవు. ఎడారి నడుమ ఉప్పు గని ఉన్నది తఘాజాలో, సిజిల్మాసా నుంచి ఇరవై అయిదు రోజుల నడక. బంగారం ఉన్నది ఇంకా కింద, సెనెగల్, నైజర్ నదుల ఎగువ ప్రాంతాల్లో. సిజిల్మాసాకు సొంతంగా ఉన్నవి ఖర్జూరం, గోధుమ, ద్రాక్ష, నీళ్లు. పదో శతాబ్దంలో అక్కడికి వెళ్లిన యాత్రికుడు ఇబ్న్ హౌకల్ ఆ ఏటిని నైలుతో పోల్చాడు. పద్నాలుగో శతాబ్దంలో మరో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడి ఖర్జూరాన్ని రుచి చూసి, బస్రా ఖర్జూరం కన్నా ఇదే మేలన్నాడు. ఖర్జూరానికి పేరుమోసిన బస్రా పేరు ఎత్తాడంటే అది చిన్న మెప్పు కాదు.

గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి వచ్చినవారు ఈ సభలో చాలామందే ఉన్నారు. కాలువ నీటికి వంతులు ఎలా ఉంటాయో, తూము దగ్గర తగువు ఎలా మొదలవుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. ఒయాసిస్సులో ఆ వంతు ప్రాణంతో సమానం. ఈ కాలువకు ఇన్ని జాములు, ఆ తోటకు ఇన్ని జాములు అన్న లెక్క తప్పితే చెట్టు ఎండుతుంది, చెట్టు ఎండితే దాని నీడన పెరిగే గింజ ఉండదు, గింజ లేకపోతే ఒంటె కదలదు. సిజిల్మాసా వర్తకం మొదలైంది సంతలో కాదు, కాలువ గట్టున.

2. గోడ

ఊరు కట్టినవాళ్లు మిక్నాసా తెగకు చెందిన బెర్బర్లు. మతంలో వాళ్లు సుఫ్రీ ఖారిజీలు. నాయకుడికి వంశం అక్కర్లేదు, యోగ్యత చాలునని నమ్మేవాళ్లు. అందుకే తమ మొదటి నాయకుడిగా ఈసా ఇబ్న్ మజీద్ అనే నల్లజాతి మనిషిని ఎన్నుకున్నారు. ఎనిమిదో శతాబ్దంలో అది మామూలు విషయం కాదు. పదిహేనేళ్లు తిరగకముందే అతని మీద నేరాలు మోపి, కొండ మీద చెట్టుకు కట్టి చావుకు వదిలేసింది కూడా వాళ్లే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. సమానత్వం మీద పుట్టిన ఊరు నాయకత్వపు తగువును నెత్తురుతో తీర్చుకుంది.

తర్వాత మిద్రార్ వంశం వచ్చింది. ఆ వంశంలో అల్ యసా అనే అమీరు 814 ప్రాంతంలో ఊరి చుట్టూ గోడ కట్టించాడు. 1068లో స్పెయిన్‌లో కూర్చుని రాసిన భూగోళ రచయిత అల్ బక్రీ ఆ గోడను వర్ణించాడు: అడుగు భాగం రాయి, పైన ఇటుక, మొత్తం పన్నెండు గుమ్మాలు, వాటిలో ఎనిమిదింటికి ఇనుప తలుపులు. ఎడారి అంచున ఇనుప తలుపులు ఎందుకంటారా? లోపల దాచిన సరుకు రేపు పొద్దున కూడా అక్కడే ఉంటుందని చూసేవాడికి తెలియాలి. మోటుపల్లిలో రాతి మీద చెక్కిన హామీని ఇక్కడ ఇనుముతో బిగించారు. పాలకులు ఖారిజీలైనా గుమ్మం దాటి లోపలికి వచ్చే సున్నీ వర్తకుణ్ణి, యూదు కంసాలిని మతం అడిగి వెనక్కి పంపలేదు. బస్రా, కూఫా, బాగ్దాద్ నుంచి వచ్చిన వర్తకులు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు.

3. ఉత్తరం

ఇప్పుడు ఒక కాగితం మీకు చూపించాలి. 951 ప్రాంతంలో ఇబ్న్ హౌకల్ అవ్‌దఘుస్త్‌లో ఒక అప్పు పత్రం చూశానని రాశాడు. అవ్‌దఘుస్త్ నేటి మారిటేనియా దక్షిణాన ఉన్న పట్నం. సిజిల్మాసాకు రెండు నెలల దూరం. అక్కడి వర్తకుడు సిజిల్మాసా మనిషికి బాకీ ఉన్నాడు. సాక్షి సంతకాలు ఉన్నాయి. మొత్తం 42,000 దీనార్లు. తూర్పు దేశాల్లో ఇలాంటిది తాను వినలేదనీ, ఇరాక్‌లో, ఖురాసాన్‌లో చెబితే జనం నోరు తెరిచారనీ ఆయన రాసుకున్నాడు. మధ్యలో రెండు నెలల ఇసుక. అప్పు ఎగ్గొడితే వెంట పడి పట్టుకునే రాజు లేడు. అయినా నలభై రెండు వేల బంగారు నాణేలు ఒక కాగితం మీద ఆ ఇసుకను దాటాయి.

ఆ నమ్మకం ఎలా పనిచేసేదో మక్కరీ సోదరుల కథ చెబుతుంది. పదమూడో శతాబ్దంలో నేటి అల్జీరియాలోని తిలిమ్సాన్‌కు చెందిన అయిదుగురు అన్నదమ్ములు. ఇద్దరు తిలిమ్సాన్‌లో, ఇద్దరు ఎడారి అవతల వలాతాలో, ఒక్కడు సిజిల్మాసాలో. ఎడారిలో బావులు తవ్వించారు. బిడారు ముందు జెండా నడిచేది, బయలుదేరేటప్పుడు నగారా మోగేది. ఉత్తరం వాళ్లు బట్టలు పంపితే దక్షిణం వాళ్లు తోళ్లు, ఏనుగు దంతం, కోలా కాయలు, బంగారం పంపేవారు. నడుమ సిజిల్మాసాలో ఉన్నవాడి పని, ఎక్కడ ధర పెరిగింది, ఎక్కడ పడింది అని అటూ ఇటూ రాయడం. ఆ వంశంలో తర్వాత పుట్టిన రచయిత అతన్ని త్రాసు ముల్లుతో పోల్చాడు.

1352 ఫిబ్రవరిలో ఇబ్న్ బతూతా సిజిల్మాసాలో ఒంటెలు కొని, నాలుగు నెలల మేత నింపుకుని బయలుదేరాడు. తఘాజాలో ఉప్పు పలకలతో కట్టి, ఒంటె తోళ్లు కప్పిన ఇళ్లు చూశాడు. మసీదు కూడా ఉప్పుదే. ఒక్క చెట్టూ లేదు. ఒక్కో ఒంటె రెండు పలకలు మోసేది. వలాతాలో ఎనిమిది, పది మిత్కాళ్ల (బంగారం తూచే కొలత) బంగారం పలికే బరువు మాలీ రాజధాని చేరేసరికి ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై పలికేది.

వలాతా ఇంకా చాలా దూరం ఉండగానే బిడారు ఒక మనిషిని ముందుగా పంపేది. అతన్ని తక్షీఫ్ అంటారు. అతని చేతిలో ఉత్తరాలుంటాయి. వలాతాలో ఉన్న చుట్టాలు, స్నేహితులు వాటిని చదివి బిడారు కోసం ఇళ్లు అద్దెకు తీస్తారు, నాలుగు రోజుల దూరం ఎదురు వచ్చి నీళ్లు అందిస్తారు. అతను దారి తప్పి చనిపోతే కబురు అందదు. కబురు అందకపోతే బిడారులో చాలామంది దాహంతో పోతారు. ఇబ్న్ బతూతా బిడారు తక్షీఫ్‌కు ఇచ్చిన కూలి వంద మిత్కాళ్ల బంగారం. ఒంటరి మనిషి, కొన్ని ఉత్తరాలు, అవతల తెరిచి చదివే నమ్మకస్తుడు. సహారా దారి అంటే ఇదీ. నేల మీద గీసి ఉన్న దారి వేరే ఏదీ లేదు.

4. మనుషులు

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పకపోతే శర్మగారి పేరుకు న్యాయం చేసినట్టు కాదు. ఆ దారిలో ఉప్పూ బంగారంతో పాటు మనుషుల్ని కూడా అమ్మారు. తఘాజాలో ఉప్పు తవ్వినవాళ్లు మసూఫా తెగవారి బానిసలు. అక్కడ పంట లేదు. సిజిల్మాసా వైపు నుంచి వచ్చే ఖర్జూరం, దక్షిణం నుంచి వచ్చే జొన్నలే తిండి. బిడారు ఆలస్యమైతే పస్తులే. ఇబ్న్ బతూతా 1353లో ఎడారి దక్షిణపు అంచున ఉన్న తకెద్దా నుంచి తిరిగి వచ్చిన బిడారులో ఆరు వందల మంది బానిస స్త్రీలున్నారు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా ఆయన రాయలేదు.

వర్తకుల మధ్య నమ్మకాన్ని ఇంతసేపు మెచ్చుకున్నాను. ఆ మెప్పు వెనక్కి తీసుకోను. కానీ ఆ నమ్మకం ఎవరికి వర్తించిందో, ఎవరికి వర్తించలేదో పక్కనే రాసి పెట్టాలి. అప్పు పత్రం మీద సాక్షిగా నిలిచే హక్కు ఉన్నవాళ్ల మధ్యే అది నడిచింది. మిగిలినవాళ్లు ఆ పత్రాల్లో సరుకుగా ఉన్నారు. విద్యార్థులారా, మధ్యయుగపు ఏ వర్తక పట్నం గురించి రాసినా ఈ రెండో చిట్టా కూడా తెరవండి.

5. టంకసాల

బంగారం చేరిన చోట రాజుల చూపు పడుతుంది. 909లో ఈ ఊరి చెరసాల నుంచే ఫాతిమీ ఖలీఫా వంశ మూలపురుషుడు ఉబైదుల్లా అల్ మహదీ బయటపడ్డాడు. వర్తకుడి వేషంలో వచ్చిన అతన్ని మిద్రారీ అమీరు నిర్బంధిస్తే, అతని పక్షాన నిలిచిన కుతామా తెగ సైన్యం వచ్చి విడిపించింది. 958లో ఫాతిమీ సేనాని జౌహర్ ఊరిని పట్టుకున్నాడు. పదకొండేళ్ల తర్వాత కైరో నగరానికి పునాది వేసింది ఇతనే. 976 ప్రాంతంలో కార్దోబా ఉమయ్యదుల మిత్రులైన మగ్రావా తెగవారి చేతికి చిక్కింది. 1054 ప్రాంతంలో అల్ మురాబిత్‌లు, పన్నెండో శతాబ్దం నడుమ అల్ మువహ్హిద్‌లు, 1274లో మరీనీలు గెలుచుకున్నారు.

ఇంతమంది గెలిచినా ఊరు ఎందుకు చావలేదు? గెలిచినవాడికి కావలసింది టంకసాల. అది నడవాలంటే బంగారం రావాలి, బంగారం రావాలంటే వర్తకుడి ఉత్తరాలు కదలాలి, ఒంటెలు మేయాలి, కాలువ పారాలి. తెలివైన ప్రతి విజేతా అమీరును మార్చాడు, కాలువ జోలికి పోలేదు. సిజిల్మాసా నాణెం ఎంత దూరం పోయిందో చూడండి. జోర్డాన్‌లోని అఖబా రేవు దగ్గర, పాత అయ్లా పట్నపు తవ్వకాల్లో ముప్పై రెండు బంగారు దీనార్లు దొరికాయి. అత్యధిక భాగం సిజిల్మాసాలో ముద్రించినవి. మక్కాకు పోయే మగ్రిబ్ (వాయవ్య ఆఫ్రికా) యాత్రికులు ఆ ఊరి మీదుగా నడిచేవారు. అల్ మురాబిత్‌ల దీనారు మీద నమ్మకం ఎంతటిదంటే, 1170లలో కాస్తీల్ క్రైస్తవ రాజు ఎనిమిదో ఆల్ఫోన్సో తన బంగారు నాణేలను కూడా ఆ నమూనాలోనే, అరబ్బీ లిపిలో కొట్టించాడు.

6. 1393

మరి చివరికి ఏమైంది? పద్నాలుగో శతాబ్దంలో ఒత్తిళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మరీనీ రాజకుమారుడు అబూ అలీ ఈ ఊరిని పట్టుకుని తండ్రి మీదా అన్న మీదా తిరగబడ్డాడు. 1333లో అన్న అబుల్ హసన్ ముట్టడించి లొంగదీశాడు. 1348లో మహమ్మారి ప్లేగు మగ్రిబ్‌ను ఊడ్చింది. మాలీ పెరిగే కొద్దీ దక్షిణపు బంగారం తింబక్తు వైపు ఒరిగింది. అక్కడి నుంచి తువాత్ ఒయాసిస్సుల మీదుగా తిలిమ్సాన్‌కూ, ఇంకా తూర్పున ఈజిప్టుకూ పోయే దారులు బలపడ్డాయి. మాకిల్ అరబ్బు తెగలు ఎడారి అంచున బలపడి తమ వాటా అడిగాయి. 1358లో సుల్తాన్ అబూ ఇనాన్ హత్య తర్వాత మరీనీల రాజధాని ఫెజ్‌లో సింహాసనం మంత్రుల చేతిలో ఆటవస్తువైంది.

వీటిలో ఏ ఒక్కటీ ఊరిని కూల్చలేదు. ఊరికి వచ్చే రాబడి తగ్గింది, ఊరి మీద పడే చేతులు పెరిగాయి. ఇక గోడ లోపల ఉండటం వల్ల లాభం ఎవరికి? 1393లో ఫెజ్ సుల్తాన్ చనిపోగానే జనం తిరగబడి, అధికారిని చంపి, గోడ పడగొట్టి, చుట్టుపక్కల కోట పల్లెలకు చెదిరిపోయారని అల్ హసన్ అల్ వజ్జాన్ రాశాడు. ఐరోపా అతన్ని లియో ఆఫ్రికానుస్ అని పిలుస్తుంది. అతను పదహారో శతాబ్దం మొదట్లో అక్కడ మామూన్ అనే కోట పల్లెలో ఏడు నెలలు గడిపినవాడు. ఆ ప్రాంతంలో మూడు వందల యాభై దాకా కోట పల్లెలున్నాయని చెప్పాడు.

అతను చూసినదాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఆ పల్లెలు తమలో తాము నిత్యం కొట్టుకునేవి. పగబట్టి ఒకరి కాలువలను ఒకరు తెగ్గొట్టుకునేవారు, ఒకరి ఖర్జూరపు చెట్లను ఒకరు నరికేసేవారు. ఆరు వందల ఏళ్లు ఏ విజేతా చేయని పని ఊరివాళ్లే చేసుకున్నారు.

7. మిగతా కారణాలు

పోర్చుగీసు ఓడలు బంగారాన్ని సముద్రం వైపు తిప్పాయి, అందుకే సహారా పట్నాలు పోయాయి అని కొన్ని పుస్తకాల్లో కనిపిస్తుంది. తేదీలు ఒప్పుకోవు. పోర్చుగీసువారు పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఆర్గిన్ దీవి చేరింది 1440లలో, ఎల్మినా కోట కట్టింది 1482లో. అప్పటికి సిజిల్మాసా గోడ పడి చాలా కాలమైంది. ఎడారి మింగేసిందని మరికొందరు అంటారు. తాఫిలాల్త్ ఇప్పటికీ పచ్చగా ఉంది, అక్కడ ఖర్జూరం ఇప్పటికీ పండుతోంది. తెగలు దోచుకున్నాయనే మాటలో కొంత నిజముంది. కానీ ఆ తెగల తాతలతోనే పాత ఊరు ఒప్పందాలు చేసుకుని బతికింది.

దారి మారడం మాత్రం బరువైన కారణం, కాదనను. కానీ లియో కాలంలో కూడా ఆ పల్లెల్లో నల్లవారి దేశాలతో వర్తకం చేసే ధనికులున్నారు. అంటే దారి పూర్తిగా ఎండిపోలేదు. వర్తకులు మిగిలారు, తోటలు మిగిలాయి, ఏరు మిగిలింది. వాటన్నిటినీ ఒక్క ఊరిగా పట్టి ఉంచిన ఒడంబడిక మిగల్లేదు. 1352లో ఇబ్న్ బతూతా చూసిన ఊరు బతికే ఉంది. నలభై ఏళ్లలో లేదు. ఏరు నలభై ఏళ్లలో ఇంకిపోదు. మనుషుల మధ్య మాట ఇంకిపోవడానికి ఆ మాత్రం కాలం చాలు.

తర్వాతి కథ క్లుప్తంగా. పదిహేడో శతాబ్దంలో తాఫిలాల్త్ షరీఫుల (ప్రవక్త వంశీకుల) ఇంటి నుంచే అలవీ వంశం లేచింది. మొరాకోను ఇప్పటికీ ఏలుతున్నది ఆ వంశమే. సిజిల్మాసా మాత్రం మళ్లీ పాత ఊరు కాలేదు. మట్టి గోడలు వానకు కరిగి దిబ్బలయ్యాయి. 1988 నుంచి పదేళ్లపాటు మొరాకో, అమెరికా పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వి మసీదు, కోట జాడలు వెలికితీశారు. జీజ్ మీద 1971లో కట్టిన ఆనకట్ట ఇప్పుడు నీటి వంతును ఎగువనే నిర్ణయిస్తోంది. బాయూద్ అనే తెగులు లక్షల ఖర్జూరపు చెట్లను చంపింది. కుర్రవాళ్లు పని వెతుక్కుంటూ ఉత్తరాది నగరాలకు పోతున్నారు.

మిత్రులారా, నా వాదన ఇంతే. వర్తక పట్నం చరిత్ర రాయాలంటే సుంకాల లెక్క, నాణేల లెక్క చాలవు. నీటిని ఎవరు పంచారు, పంచుకున్నది ఎంతకాలం అందరికీ న్యాయంగా అనిపించింది, ఎప్పుడు అనిపించడం మానేసింది అన్నది వెతకాలి. మన దగ్గర చెరువు శాసనాలు వందల్లో ఉన్నాయి. ఏ కాలువ ఎవరిది, ఎవరి వంతు ఎంత అని రాతి మీద చెక్కి పెట్టారు. వాటిని వ్యవసాయ చరిత్ర అనీ, రేవు శాసనాలను వర్తక చరిత్ర అనీ విడివిడిగా కట్టలు కట్టి ఉంచాం. ఆ రెండు కట్టలనూ ఒకే బల్ల మీద విప్పండి. పంట పండించిన ఊళ్లకూ, ఓడలు ఎక్కించిన ఊళ్లకూ మధ్య ఒప్పందం ఎక్కడ కుదిరింది, ఎక్కడ చెడింది అని ప్రాంతం వారీగా, శతాబ్దం వారీగా పట్టిక వేయండి. ఈ పని మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా జరగాల్సినంత జరగలేదు. ఒకరిద్దరు విద్యార్థులైనా రేపటి నుంచి మొదలుపెడితే, శర్మగారికి మనం చేయగల గౌరవం అంతకు మించి లేదు.